ఇంటర్ అయింది, సీటు రాలేదు: ఈ ఏడాదిని లాంగ్‌టర్మ్‌కే రాసివ్వాలా?

పాలపిట్ట | 2025 జూన్ 17, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ. ఈ ఏడాదే ఇంటర్ బైపీసీ పూర్తి చేశాను. ఇంటర్‌లో 942 వచ్చాయి, మెడికల్ ప్రవేశ పరీక్ష నీట్‌లో 362. మొన్న 14న ఫలితాలు వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఒకటే మాట, హైదరాబాద్ వెళ్లి లాంగ్‌టర్మ్‌లో, అంటే నీట్ మళ్లీ రాయించే ఏడాది కోచింగ్‌లో చేరమని. నాన్న రైస్ మిల్లులో గుమస్తా. హాస్టల్‌తో కలిపి లక్షా ఎనభై వేలు అడుగుతున్నారు. సగం ఉంది, సగం అప్పు తెస్తానంటున్నారు.

డాక్టర్ కావాలని నాకూ ఉంది, అందులో అనుమానం లేదు. కానీ ఇంటర్ రెండేళ్లూ హాస్టల్‌లోనే గడిపాను. మళ్లీ అదే బల్ల ముందు, అదే మెటీరియల్‌తో పదినెలలు కూర్చోవాలంటే మనసు ఒప్పుకోవడం లేదు. ఇంట్లోనే ఉండి నీట్‌కు చదువుకుంటూ, రోజులో కొంతసేపు ఏదైనా పని నేర్చుకోవాలని నా ఆలోచన. ఇది చెబితే అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆడపిల్ల ఏడాది ఖాళీగా ఇంట్లో ఉంటే నలుగురూ ఏమంటారని ఆమె బాధ. వ్యవసాయ, ఫార్మసీ కోర్సులకు రాసే ఈఏపీసెట్‌లో ఓ మాదిరి ర్యాంకు ఉంది. దాని సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

ఇంటర్‌కూ కాలేజీకీ మధ్య ఏడాది ఆగినవాళ్లు, ఆగిన పిల్లల తల్లిదండ్రులు ఇక్కడ ఉంటే ఎలా గడిచిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ముక్కుసూటి | రాత్రి 10:05

ముందు ఒక సంగతి తేల్చుకో అమ్మా. లాంగ్‌టర్మ్ అంటే విరామం కాదు, అది పదమూడో తరగతి. పొద్దున లేవడం దగ్గర నుంచి దీపం ఆర్పేదాకా సమయం వాళ్లది. నువ్వు అడుగుతున్నది నీ చేతిలో ఉండే ఏడాది గురించి. రెండింటినీ ‘ఏడాది ఆగడం’ అనే అనడంతో మన ఇళ్లలో గందరగోళం వస్తోంది.

ఇక ఇంట్లో ఉండి చదువుతానన్న మాట. చదవగలవేమో, చదవనిస్తారా అన్నది ప్రశ్న. మా పెద్దమ్మ మనవరాలు ఇలాగే ఇంట్లో ఉండి చదువుతానంది. కార్తీకం వచ్చేసరికి చుట్టాల పెళ్లిళ్లకు తోడు వెళ్లడం, తమ్ముడి బాక్సు కట్టడం, నాయనమ్మను కంటి ఆసుపత్రికి తీసుకెళ్లడం అన్నీ ఆమె మీద పడ్డాయి. ‘నువ్వు ఖాళీయే కదా’ అనే మాట ఒక్కటి చాలు, ఏడాది హారతి కర్పూరం కావడానికి. మగపిల్లవాడైతే తలుపు వేసుకుంటే ఎవరూ కొట్టరు. నీకు ఆ వెసులుబాటు ఉండదు. ఇది నీ తప్పు కాదు, కానీ లెక్కలో వేసుకోవలసిన విషయం.

జంతుశాస్త్రం మాస్టారు | రాత్రి 10:50

అమ్మా పాలపిట్టా, జూనియర్ కాలేజీలో చాలా ఏళ్లు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇంట్లోనా, హాస్టల్‌లోనా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ 362 ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పు.

నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. జీవశాస్త్రానికి 360, భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరో 180. ఒప్పుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత. ఇదంతా నీకు తెలుసు. కానీ మొత్తం మార్కు చూసి ఏడ్చేవాళ్లే తప్ప, తప్పులెన్ని, వదిలేసినవెన్ని అని లెక్క చూసేవాళ్లు నాకు తక్కువగా కనిపించారు. మూడు సబ్జెక్టుల్లోనూ సమానంగా తక్కువ వచ్చిన పిల్లకూ, ఒక్క భౌతికశాస్త్రంలో మునిగిపోయిన పిల్లకూ మందు వేరు.

ఇంకొకటి. పోయినేడాది మార్కులతో నిన్ను పోల్చేవాళ్ల మాట వినకు. 2024లో 720కి 720 వచ్చినవాళ్లే అరవైమందికి పైగా తేలారు, తర్వాత సవరిస్తే 17 మంది మిగిలారు. ఈ ఏడాది దేశం మొత్తంలో మొదటి ర్యాంకుకే 686. భౌతికశాస్త్రం పేపరు అంత గట్టిగా వచ్చింది. ‘నిరుడు మా వాడికి 500కే సీటు రాలేదు’ లాంటి మాటలు ఈసారి అచ్చంగా దండగ.

అలాగని తేలిక అనుకోకు. రాసినవాళ్లు 22 లక్షల పైచిలుకు, అర్హత పొందినవాళ్లు 12 లక్షల 36 వేల మంది. ఎంబీబీఎస్ సీట్లు ఈ జూన్ నాటికి ప్రభుత్వ, ప్రైవేటు అన్నీ కలిపి లక్షా పద్దెనిమిది వేల దగ్గర. అర్హత వచ్చిందని వీధిలో లడ్డూలు పంచేవాళ్లకు ఈ తేడా ఎవరో ఒకరు చెప్పాలి.

పాలపిట్ట | జూన్ 18, ఉదయం 6:30

మాస్టారూ, జవాబుల కీ చూసి లెక్కేశాను. జీవశాస్త్రం 248, రసాయనం 82, భౌతికం 32. భౌతికంలో 28 ప్రశ్నలు పెట్టాను, 12 ఒప్పు. మిగతా 17 వదిలేశాను.

జంతుశాస్త్రం మాస్టారు | ఉదయం 7:15

చూశావా, కథ ఇక్కడుంది. నీకు కొరత ఒక్క సబ్జెక్టులో ఉంది. పెట్టిన 28లో 16 తప్పు అంటే తెలియక వదిలేసినవి ఎన్నో, తెలుసనుకుని పెట్టి తప్పినవీ దాదాపు అన్నే. దీనికి మొత్తం పాఠ్యాంశాలు మొదటి నుంచి మళ్లీ వినడం మందు కాదు. లాంగ్‌టర్మ్‌లో నీకు వచ్చిన వృక్షశాస్త్రమూ మళ్లీ మొదటి పాఠం నుంచే చెబుతారు.

ఒక పని చెయ్యి. ఆ 16 ప్రశ్నలూ ఒక నోటుపుస్తకంలో ఎక్కించి, ఒక్కోదాని పక్కన ఎందుకు తప్పిందో రాయి. సూత్రం గుర్తు లేదా, ప్రమాణాల దగ్గర తడబడ్డావా, గుణకారం తప్పావా, ప్రశ్నే అర్థం కాలేదా? నా అనుమానం, సగానికి పైగా లెక్కల్లోనే జారి ఉంటాయి. బైపీసీ పిల్లలకు పదో తరగతితో లెక్కలు ఆగిపోతాయి. ఆ తర్వాత సంవర్గమానాలు, త్రికోణమితి, చిన్నపాటి అవకలనం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. భౌతికశాస్త్రం సారు మాత్రం అవన్నీ వచ్చు అనుకుని ముందుకు పోతారు. ఊళ్లో మంచి లెక్కల మాస్టారు ఉంటే రెండు నెలలు ఆ గణితం ఒక్కటే చెప్పించుకో. నీట్ పుస్తకం తర్వాత తెరువు.

కృష్ణాతీరం | ఉదయం 9:20

మా పెద్దమ్మాయి లాంగ్‌టర్మ్ చేసింది కాబట్టి రెండో వైపు కూడా చెబుతాను. విజయవాడ పరిసరాల్లో ఒక సంస్థ, పేరు వద్దు.

మొదట్లో బాగుంటుంది. పిల్లలంతా దెబ్బ తిని వచ్చినవాళ్లే, కసి మీద ఉంటారు. దసరా దాటాక అసలు సంగతి మొదలవుతుంది. పాఠాలు రెండో విడత తిరుగుతాయి, విన్నదే వింటున్నట్టు ఉంటుంది, మార్కులు ఒకచోట ఆగిపోతాయి. ఆదివారం గ్రాండ్ టెస్టు, సోమవారం పొద్దున టిఫిన్ గది పక్క గోడకు ర్యాంకుల జాబితా. పిల్లలు ప్లేటు చేతిలో పట్టుకునే తమ పేరు వెతుక్కుంటారు. ర్యాంకును బట్టి సెక్షను మారుతుంది, సెక్షనుతో పాటు చెప్పే మాస్టార్లూ మారతారు. కింది సెక్షనుకు పోయిన పిల్ల పైకి రావడం నేను చూడలేదు. మా అమ్మాయి ఫోనులో ‘బాగానే ఉంది నాన్నా’ అని తప్ప ఇంకో మాట చెప్పేది కాదు.

అయినా లాంగ్‌టర్మ్ వృథా అనను. ఆమెకు మార్కులు బాగా పెరిగాయి, ఎంబీబీఎస్‌కు చాల్లేదు గానీ పశువైద్యంలో సీటు వచ్చింది. దానికీ నీట్ ర్యాంకే చూస్తారు. ఇప్పుడు గన్నవరంలో చదువుతోంది, దూడకు ఇంజెక్షను వేస్తున్న ఫొటోలు పంపుతుంది. పరీక్ష రాసే అలవాటు, మూడు గంటలు కదలకుండా కూర్చోవడం అక్కడే వచ్చిందంటుంది. కాబట్టి అమ్మాయీ, పాఠాలు వద్దనుకున్నా పరీక్షలు మాత్రం వదులుకోకు. పరీక్షలు మాత్రమే రాయించే ప్యాకేజీలు చాలాచోట్ల ఉన్నాయి, లక్షల్లో కాదు, వేలల్లో అయిపోతుంది.

అట్లాంటా తెలుగు | ఉదయం 10:10

ఇక్కడ అమెరికాలో ఇంత భయం లేదు. హార్వర్డ్ లాంటి చోట సీటిచ్చే ఉత్తరంలోనే, కావాలంటే ఏడాది ఆగి రావచ్చని దశాబ్దాలుగా రాస్తున్నారు. ఒబామా పెద్దమ్మాయి మలియా 2016లో అలాగే ఆగి, మరుసటి ఏడాది చేరింది. మా పక్కింటి అబ్బాయి ఏడాది పాటు అడవుల్లో కాలిబాటలు బాగుచేసే పనికి వెళ్లాడు. ఏడాది ఆగితే జీవితం పోయినట్టు మనవాళ్లు చూడటం మానాలి.

ముక్కుసూటి | ఉదయం 10:25

అయ్యా, మలియా సీటు జేబులో పెట్టుకుని ఆగింది. ఈ అమ్మాయి సీటు లేక ఆగుతోంది. రెండింటికీ మధ్య ఒక సముద్రం ఉంది, మీరు ఎలాగూ దాటారు కాబట్టి మీకు తెలిసే ఉంటుంది.

అట్లాంటా తెలుగు | ఉదయం 10:50

ఒప్పుకుంటాను. సీటు ఖాయం చేసుకుని ఆగే పద్ధతి మన కౌన్సెలింగ్‌లో లేదు, వచ్చిన సీటులో ఆ ఏడాదే చేరాలి. అయితే ఒక్క మాట. ఇక్కడి పిల్లలు ఆగే ముందు ఆ ఏడాదిలో ఏం చేస్తారో కాలేజీకి రాసివ్వాలి. పాలపిట్ట కూడా ఇంట్లోవాళ్లకు ఒక కాగితం రాసివ్వవచ్చు కదా. నెలకు ఒకటి చొప్పున ఏం పూర్తవుతుందో అందులో ఉంటే వాళ్ల అమ్మగారికి ధైర్యంగా ఉంటుంది.

తూర్పుగాలి | మధ్యాహ్నం 1:30

కాకినాడ నుంచి. నాది ఎంపీసీ, ఏడాది ఆగి రాశాను, ఇప్పుడు ఎన్‌ఐటీలో ఉన్నాను. ఈ చర్చను ఎంపీసీ తమ్ముళ్లూ చదువుతారు కాబట్టి వాళ్ల కోసం చెబుతున్నాను. నీట్‌కు ఎన్నిసార్లయినా రాయవచ్చు, పై వయసు హద్దు లేదు. ఇంజినీరింగ్ కోసం రాసే జేఈఈ అలా కాదు. మెయిన్ ఇంటర్ పూర్తయిన ఏడాదితో కలిపి వరుసగా మూడేళ్లు, జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి. ఐఐటీలకు రాసే అడ్వాన్స్‌డ్ మాత్రం వరుసగా రెండేళ్లలో రెండుసార్లే. బిట్స్ పిలానీ వాళ్ల పరీక్ష బిట్‌శాట్‌కు కూడా ఆ ఏడాదివాళ్లు, ముందటేడు పాసైనవాళ్లు మాత్రమే. ఎన్‌ఐటీకి ఇంటర్‌లో 75 శాతం నిబంధన ఒకటి ఉంది, ర్యాంకు వచ్చి దీని దగ్గర ఆగిపోయినవాళ్లను చూశాను.

2024 నవంబరులో జరిగింది గుర్తుందా? అడ్వాన్స్‌డ్‌కు మూడు అవకాశాలని నవంబరు 5న ప్రకటించారు, 18న మళ్లీ రెండుకు తగ్గించారు. ఆ పదమూడు రోజుల్లో చేరిన కాలేజీ మానేసినవాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 జనవరిలో వాళ్ల వరకు కోర్టు వెసులుబాటు ఇచ్చింది. ఒక ప్రకటన చూసి ఆ వారమే టీసీ తీసుకోకండి తమ్ముళ్లూ, నిబంధన ఖాయమయ్యేదాకా ఆగండి.

నేను ఆగిన ఏడాదిలో నాకు కలిసొచ్చింది జిల్లా గ్రంథాలయం. ఇంట్లో మంచం, ఫోను రెండూ శత్రువులే. పొద్దున అన్నం కట్టుకుని వెళ్లేవాడిని. అక్కడ గ్రూప్స్‌కు చదివే అన్నలు పక్కన కూర్చుంటే మనం లేచి బయటికి పోవాలన్నా సిగ్గేసేది. పాలపిట్ట చెల్లీ, మిర్యాలగూడలో శాఖా గ్రంథాలయం చూడు, ముక్కుసూటి గారు చెప్పిన ‘ఖాళీయే కదా’ బాధ కూడా తప్పుతుంది. మనిషి ఇంట్లో కనిపించకపోతే పని చెప్పేవాళ్లు ఉండరు.

మందులకొట్టు | సాయంత్రం 4:45

నువ్వు ‘ఏదైనా పని నేర్చుకుంటాను’ అన్నావు, దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. నేను బీఫార్మసీలో చేరే ముందు ఏడాది మా బాబాయి మందుల దుకాణంలో కూర్చున్నాను. జీతం పేరుకే. నేర్చుకున్నది ఇదీ.

మొదటి నెల మందు చేతికి ఇవ్వనివ్వలేదు. మందు ఇవ్వాల్సింది ఫార్మసిస్టు, అది చట్టం. నాకు అప్పగించింది గడువు తేదీల పని. అరలన్నీ దించి, మూడు నెలల్లో గడువు ముగిసే స్ట్రిప్పులన్నీ వేరే పెట్టెలో వేయడం, స్టాకిస్టుకు వాపసు పంపే జాబితా రాయడం. ఆ పని చేస్తుంటే మందుల పేర్లు వాటంతట అవే పట్టుబడ్డాయి. ఒకే మందు ఎన్ని కంపెనీల పేర్లతో వస్తుందో, పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు చదవడం ఎంత అవసరమో అప్పుడు తెలిసింది. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంటుంది, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య. కరెంటు పోతే బాబాయి ఫ్రిజ్ తలుపు తెరవనిచ్చేవాడు కాదు, ఐసు ప్యాకులు పెట్టిన డబ్బా తెమ్మనేవాడు.

తర్వాత హెచ్-1 రిజిస్టరు. కొన్ని రకాల యాంటీబయాటిక్‌లు, నిద్రమాత్రల లాంటివి అమ్మితే రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్ని మాత్రలు అన్నీ వేరే పుస్తకంలో ఎక్కించాలి, ఆ పుస్తకం మూడేళ్లు దాచాలి. 2014 నుంచి ఉన్న నిబంధన. ఆ పుస్తకం రాస్తూనే, ఊళ్లో జ్వరం రాగానే జనం ఎంత పెద్ద మందు అడుగుతారో గమనించాను. చీటీ లేదంటే తిట్టిపోయేవాళ్లు. కొట్టులో నిలబడితే రోగులతో మాట్లాడటం వస్తుంది. ‘రోజుకు మూడుసార్లు’ అంటే ముసలావిడకు అర్థం కాదు. పొద్దున టీ తాగాక ఒకటి, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒకటి అనాలి. ఎంబీబీఎస్‌లో చేరినా, ఫార్మసీలో చేరినా, నర్సింగ్‌లో చేరినా ఇది పనికొస్తుంది. అసలు నీకు రోగుల మధ్య ఉండటం ఇష్టమో కాదో కూడా ఆరు నెలల్లో తేలిపోతుంది. లక్షలు కట్టి ఐదున్నరేళ్ల కోర్సులో చేరాక తేలడం కంటే ఇదే నయం.

మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా కొట్టులో పెద్దగా గిరాకీ ఉండదు, నేర్పే ఓపిక ఉంటుంది. సాయంత్రం రద్దీలో వెళ్తే అడ్డం లేవమంటారు.

పాలపిట్ట | రాత్రి 8:15

అన్నా, మా వీధి చివర తెలిసినవాళ్ల మందుల దుకాణం ఉంది, అడగాలనిపిస్తోంది. మాస్టారూ, 16 తప్పుల్లో 9 లెక్కల దగ్గరే పోయాయి, మీరన్నట్టే. ఇంకో సందేహం. ఏడాది ఎక్కడా చేరకపోతే వచ్చే ఏడాది కౌన్సెలింగ్‌లో ఇబ్బంది వస్తుందా? స్థానికత పోతుందని మా మేనమామ భయపెడుతున్నారు.

మీసేవ కౌంటరు | రాత్రి 9:00

రోజూ ఈ కాగితాలే చూస్తాను కాబట్టి నేను చెబుతాను. మీ మామయ్య గారి భయం ఇంటర్‌ను వేరే రాష్ట్రంలో చదివినవాళ్లకు సంబంధించినది. తెలంగాణలో మెడికల్ సీట్లకు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలని 2024లో జీవో 33 తెచ్చారు. దాని మీద కోర్టుల్లో వ్యాజ్యం కూడా నడిచింది. మీరు చదివినదంతా ఇక్కడే కాబట్టి, ఇంటర్ తర్వాత ఆగిన ఏడాదితో దానికి పేచీ లేదు. ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు మాత్రం ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి. ఈలోగా బడి మూతపడినా, హెడ్మాస్టరు బదిలీ అయినా మీరే తిరగాలి.

ఆగిన ఏడాదికి కొన్ని కాలేజీలు గ్యాప్ సర్టిఫికెట్ అడుగుతాయి. స్టాంపు కాగితం మీద నోటరీ చేయించిన ప్రమాణపత్రమే అది, ‘ఈ కాలంలో ఏ కోర్సులోనూ చేరలేదు’ అని. కౌన్సెలింగ్ ముందురోజు పరుగెత్తే పని కాదు, ముందే రాయించుకోవచ్చు.

అందరూ బోల్తా పడేది ఇక్కడ. ఆర్థికంగా వెనకబడినవాళ్లకు ఇచ్చే ఈడబ్ల్యూఎస్, కేంద్ర కోటాకు ఇచ్చే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రాలు ఏ ఏడాదికి ఆ ఏడాది కొత్తగా తీసుకోవాలి, ఏప్రిల్ 1 తర్వాత తేదీతో. పోయినేడాది తీసుకున్నది ఉంది కదా అని వస్తారు, చెల్లదు. రాష్ట్రం ఇచ్చే బీసీ కుల ధ్రువపత్రం వేరు, కేంద్రం నమూనాలో ఉండే ఓబీసీ పత్రం వేరు. రెండూ తీసుకోండి.

సిరిసిల్ల అమ్మ | రాత్రి 10:30

ఇంతసేపూ మార్కులు, కాగితాలు అయ్యాయి. నేను తల్లిగా ఒక మాట చెబుతాను. మా అబ్బాయి ఏడాది ఆగాడు. చదువు సంగతి ఎలా ఉన్నా, స్నేహితులు కాలేజీ ఫొటోలు పెట్టడం మొదలుపెట్టిన నెలలో వాడు అన్నం సరిగా తినలేదు. వాట్సాప్ స్టేటస్ చూసి ఫోను మంచం మీద పడేసేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. మేము దాన్ని బద్ధకం అనుకున్నాం. వాళ్ల ఫిజిక్స్ మేడమ్ చెప్పాక, 14416కు ఫోను చేసి మాట్లాడించాం. టెలీమానస్ అని ప్రభుత్వానిది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. అరగంట మాట్లాడి గదిలోంచి బయటికి వచ్చి ఆకలేస్తోందన్నాడు. తర్వాత కూడా కొన్నిసార్లు చేశాడు.

పాలపిట్ట తల్లిగారు ఇది చదివితే, నలుగురూ ఏమంటారన్న మాట పిల్ల ముందు అనకండి అమ్మా. ఆ నలుగురిలో మొదట వినిపించేది మన గొంతే.

జంతుశాస్త్రం మాస్టారు | జూన్ 19, ఉదయం 6:50

సిరిసిల్ల అమ్మగారి మాట బంగారం. నేను మిగిలినది చెబుతాను.

ఒక్క నీట్ మీదే ఏడాదంతా పందెం కాయవద్దు. మీ ఈఏపీసెట్ ర్యాంకును ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదన్నావు, అదే నాకు నచ్చని సంగతి. ఆ ర్యాంకుతో బీఎస్సీ అగ్రికల్చర్‌కు దరఖాస్తు చెయ్యి. రాజేంద్రనగర్ జయశంకర్ వర్సిటీలో రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది, మీకు ఎకరం పొలం ఉండి, పల్లెటూరి బడిలో చదివి ఉంటే కనుక్కో. ఈ కోర్సుకు వయోపరిమితి ఉంది, నీట్‌లాగా ఎప్పుడైనా రాసుకోవచ్చు అనుకోవడానికి లేదు. ఫార్మసీ కౌన్సెలింగ్ ఇంజినీరింగ్ అంతా అయ్యాక నింపాదిగా జరుగుతుంది, దాన్నీ వదలకు. సీటు వచ్చాక చేరాలా మానాలా అన్నది అప్పుడు చూసుకోవచ్చు. సీటే లేకుండా మానేయడం నిర్ణయం కాదు.

ఏదీ కుదరకపోతే దూరవిద్య వర్సిటీ ఇగ్నోలో డిగ్రీకి చేరు. జూలైలో, జనవరిలో ప్రవేశాలుంటాయి. 2022 నుంచి యూజీసీ రెండు డిగ్రీలు ఒకేసారి చదవనిస్తోంది, ఒకటి రెగ్యులరు, ఒకటి దూరవిద్య అయితే సరి. కాబట్టి వచ్చే ఏడాది ఎంబీబీఎస్ వచ్చినా దీన్ని వదిలేయాలన్న నియమం యూజీసీ వైపు నుంచి లేదు. ఇంట్లోవాళ్లకు ‘మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది’ అని చెప్పుకోవడానికీ ఉంటుంది.

ముక్కుసూటి | ఉదయం 8:10

మాస్టారి మీద గౌరవంతోనే అంటున్నాను, ఇగ్నో సంగతి నాకు నచ్చలేదు. నలుగురి నోరు మూయించడానికి ఒక డిగ్రీలో చేరడం, అసైన్‌మెంట్లు రాయలేక వదిలేయడం చాలా ఇళ్లలో చూశాను. భౌతికశాస్త్రం 32 ఉన్న పిల్లకు ఇంకో మూడు సబ్జెక్టుల బరువు ఎందుకు? దానికంటే ఆన్‌లైన్‌లో ఎన్‌పీటీఈఎల్ పాఠాలు చూడమనండి, ఐఐటీల వాళ్లవి, పైసా ఖర్చు లేదు. పరీక్ష రాస్తేనే ఫీజు.

వ్యవసాయం మాట మాత్రం నూటికి నూరుపాళ్లు సరైనది. మిర్యాలగూడలో పుట్టిన పిల్ల, చుట్టూ మిల్లులు. వరి గురించి చదివితే తక్కువైపోదు.

జంతుశాస్త్రం మాస్టారు | ఉదయం 8:40

ఎన్‌పీటీఈఎల్‌లో ఎక్కువ భాగం బీటెక్ స్థాయి నాయనా. ఇంటర్ భౌతికశాస్త్రంలో తడబడే పిల్ల వాటిలోకి దిగితే ఇంకా బెదిరిపోతుంది. ఇగ్నో విషయంలో మన ఇద్దరికీ కుదరదు, పిల్లే తేల్చుకుంటుంది.

కృష్ణాతీరం | ఉదయం 9:30

పాలపిట్టా, డబ్బు సంగతి మీ నాన్నగారికి ఇలా చెప్పి చూడు. కన్వీనర్ కోటాలో, అంటే తక్కువ ఫీజు సీట్లలో, ప్రైవేటు కాలేజీ ఎంబీబీఎస్ ఫీజు మీ తెలంగాణలో ఏడాదికి 60 వేలు. యాజమాన్య కోటాలో పదకొండు లక్షలు దాటుతుంది. ఇప్పుడు తేబోయే అప్పు లాంగ్‌టర్మ్‌తో ఆగేది కాదు. కొన్ని మార్కులు తక్కువ వస్తే ‘ఇంత ఖర్చు పెట్టాం కదా’ అని యాజమాన్య కోటా వైపు చూడటం మొదలవుతుంది. మా ఇంట్లోనూ ఆ మాట వచ్చింది, మా ఆవిడ గట్టిగా వద్దంది కాబట్టి ఆగాం. అప్పు లేని ఏడాది అయితే, వచ్చే జూన్‌లో మీరు ఏ నిర్ణయమైనా చల్లగా కూర్చుని తీసుకోవచ్చు.

పాలపిట్ట | జూలై 6, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ రాయలేదు, ఇంట్లో చర్చ ఒక కొలిక్కి రావడానికి ఇంత సమయం పట్టింది.

అట్లాంటా తెలుగు గారు చెప్పినట్టు ఒక కాగితం రాసి నాన్నకు ఇచ్చాను. మిల్లు లెక్కలు రాసే మనిషి కదా, ఎర్ర పెన్నుతో దిద్ది తిరిగిచ్చారు. ‘ఆగస్టులో గణితం పూర్తి’ అని రాస్తే, పూర్తయిందని ఎవరు చెబుతారు, నువ్వా, మాస్టారా అని పక్కన రాశారు. దాంతో మాట్లాడుకోవడం మొదలైంది. చివరికి ఇలా అనుకున్నాం. పొద్దున గ్రంథాలయం. బస్టాండు దగ్గర ఉండే లెక్కల సారు వారానికి నాలుగు రోజులు చెబుతానన్నారు. ఆదివారం పరీక్షలు మాత్రం నల్గొండలో ఒకచోట రాస్తాను, వేలల్లోనే అయింది. లాంగ్‌టర్మ్ డబ్బు కట్టలేదు. కానీ నవంబరు చివరికి భౌతికశాస్త్రంలో వంద దాటకపోతే మిగిలిన నెలలకు హాస్టల్‌కు వెళ్లాలని నాన్న షరతు. ఒప్పుకున్నాను. ముక్కుసూటి గారు ఇది ఒప్పుకోరేమో.

మందుల దుకాణంలో మధ్యాహ్నం మూడు గంటలు కూర్చుంటున్నాను. ప్రస్తుతానికి గడువు తేదీలే. అగ్రికల్చర్ కౌన్సెలింగ్‌కు దరఖాస్తు చేస్తాను, మా తాతగారి పేరున పొలం ఉంది, అది నాన్న పేరున లేకపోతే రైతు కోటా వర్తిస్తుందో లేదో కనుక్కోవాలి. ఇగ్నో వద్దనుకున్నాను మాస్టారూ, కోపం తెచ్చుకోకండి.

ముక్కుసూటి | రాత్రి 9:35

నవంబరు షరతు బాగుంది. మీ నాన్నగారు నాకు నచ్చారు. వంద అన్నది మాత్రం ఎక్కువ, ఎనభై అడిగి ఉండాల్సింది. ఈ ఏడాది లాంటి పేపరు మళ్లీ వస్తే హాస్టల్‌లో ఉన్నవాళ్లకే వంద రాదు.

జంతుశాస్త్రం మాస్టారు | రాత్రి 10:00

కోపం ఏమీ లేదు. వంద కంటే, పెట్టినవాటిలో ఎన్ని ఒప్పు అని చూడమను మీ నాన్నగారిని. ముప్ఫై పెట్టి పాతిక ఒప్పయితే సరైన దారిలో ఉన్నట్టే. ఆదివారం పరీక్ష కాగితాలు దాచిపెట్టి, దసరాకు ఒకసారి ఆ లెక్కలు ఇక్కడ పెట్టు, చూద్దాం.

మీసేవ కౌంటరు | జూలై 7, ఉదయం 9:10

పొలం తాతగారి పేరున ఉంటే ముందు పట్టాదారు పాస్‌పుస్తకంలో పేరు చూసుకుని, వర్సిటీ నోటిఫికేషన్‌లో ‘తల్లిదండ్రులు’ అని ఉందా, ‘కుటుంబం’ అని ఉందా చదవండి. అనుమానం ఉంటే దరఖాస్తు పెట్టకముందే వర్సిటీ హెల్ప్‌లైన్‌కు ఫోను చేయండి. పేరు మార్పిడి ఇప్పుడు మొదలుపెట్టినా కౌన్సెలింగ్ నాటికి చేతికి వస్తుందని నేను హామీ ఇవ్వలేను.

గోరింటపూలు | ఉదయం 11:45

మా అబ్బాయి ఎంపీసీ, ఈఏపీసెట్‌లో సీటు వచ్చింది గానీ చేరనంటున్నాడు, జేఈఈ మళ్లీ రాస్తాడట. సీటులో చేరి చదువుతూ రాయవచ్చా, లేక వదులుకోవాలా?

నిర్వాహకులు | మధ్యాహ్నం 12:20

గోరింటపూలు గారూ, మీ ప్రశ్నకు కొత్త చర్చ తెరిచాం, తూర్పుగాలి గారిని అక్కడికి రమ్మని కోరాం. మీ అబ్బాయి అడ్వాన్స్‌డ్ అవకాశాల్లో ఒకటి మిగిలి ఉందా లేదా అన్నది అక్కడ ముందుగా రాయండి.